వాకిటి జవాబునకు గడువు

ఆశ్వయుజ కార్తిక మాసములలో మన సముద్రతీరమున రేడియో వినువారికి ఒక వాక్యము చిరపరిచితము. "కృష్ణపట్నము రేవున మూడవ నంబరు హెచ్చరిక ఎగురవేయబడినది" అనునదే యా వాక్యము. అది చెవిని బడినంతనే జాలరులు పడవలను మెరకకు లాగుదురు. వేటకు బోయిన బిడ్డల కొఱకు తల్లులు ఒడ్డున నిలుచుందురు. రైతులు పారలు భుజమున వేసికొని చేలగట్లు చూడబోవుదురు. ఒక కొయ్యకు గట్టిన గుర్తు ఇన్ని యిండ్లలో ఇంత కదలిక పుట్టించుచున్నది.

ఆ గుర్తు ఏమి? అది ఒక జవాబు. వాయుగుండ మెచ్చట నున్నది, ఎటు కదలుచున్నది అని ప్రతి పడవవాడును దూరమున నున్న వాతావరణ శాఖవారిని అడుగబోయినచో వారికి జవాబు చెప్పుటతోనే ప్రొద్దు చాలదు. అడిగినవానికి జవాబు అందులోపల గాలి రానే వచ్చును. కావున శాఖవారొక్కమారు చెప్పిన మాటను రేవు వాకిట కొయ్యకు గట్టి, వచ్చినవాడెల్ల చూచికొని పోవునట్లు నిలిపిరి. మూలమునకు శ్రమ తగ్గినది. అడుగువానికి జాప్యము తగ్గినది. ఇదియే వాకిట జవాబును నిలువయుంచుట.

నేడు నేను చెప్పదలచినది కంప్యూటరు యంత్రములలోని యిట్టి నిలువను గూర్చి. దానిని ఆ శాస్త్రమువారు క్యాష్ అందురు. ఏపీఐ గేట్‌వే యని పిలువబడు ద్వారమునందు దానికి గడువులు, హద్దులు ఏర్పరచు పద్ధతి యొకటి కలదు. గ్రామమున గూర్చున్న మాకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. మీ పింఛను, మీ భూమి పత్రము, మీ మనుమని ధ్రువపత్రము, తుపాను వార్త, ఇవి యన్నియు ఫోనులోనో సేవాకేంద్రపు యంత్రములోనో చూచుకొను కాలము వచ్చినది. అందు మీకు గనబడునది మూలమున నున్న నేటి సంగతియా, వాకిట నిలిచియున్న నిన్నటి మాటయా? ఈ ప్రశ్న మనకు సంబంధించినదే.

ముందుగా రేవు కొయ్య చరిత్రమును జెప్పెదను. 1864వ సంవత్సరము అక్టోబరులో కలకత్తాను, నవంబరు మొదట మన మచిలీపట్టణమును ఘోరమైన తుపానులు ముంచివేసినవి. మచిలీపట్టణమున వేలకొలది జనులు మడిసిరి. మరుసటి సంవత్సరము, అనగా 1865లో, కలకత్తా రేవున తుపాను హెచ్చరికల పద్ధతి ప్రారంభింపబడినది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. 1898లో దేశమునందలి రేవులన్నిటికిని ఒకే తీరు గుర్తులు నిర్ణయింపబడినవి. పగటివేళ శంఖువు, స్తంభము ఆకారములు గల గుర్తులు. రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములు. గుర్తులు మొత్తము పదునొకండు. మొదటి రెండును దూరసముద్రమున నున్న వాయుగుండమును దెలుపును. మూడును నాలుగును రేవునకే రానున్న కీడును సూచించును. ఐదు మొదలు ఏడు వఱకు ప్రమాదము. ఎనిమిది మొదలు పది వఱకు మహాప్రమాదము. పదునొకండవ గుర్తు విచిత్రమైనది. దానిని గూర్చి కడపట విన్నవించెదను.

వార్త తంతిమీద వచ్చెడిది. రేవు అధికారి దానిని జదివి తగిన గుర్తును ఎక్కించును. మరియొక తంతి వచ్చినప్పుడు దించును, లేదా మార్చును. 1927 నవంబరులో నెల్లూరును దాకిన తుపానును గూర్చి మా పెద్దలు చెప్పగా వింటిమి. 1984 నవంబరు 14వ తేదీన శ్రీహరికోట దగ్గర తీరము దాటిన తుపానును మనలో పెక్కుమంది కన్నులార జూచితిమి. 1974 నుండి విశాఖపట్టణమున తుపాను హెచ్చరికల కేంద్ర మొకటి పనిచేయుచున్నది. 2013 జూలైలో మన దేశమున తంతి సేవయే నిలిచిపోయినది. త్రోవ మారినది గాని పని మారలేదు. నేడును మూలమునుండి వచ్చిన మాటను వాకిట నిలుపువాడు కావలయును.

ఆ వాకిటివాడు నాలుగు సంగతులు ఎఱిగియుండవలయును. ఈ జవాబు ఏ ప్రశ్నకు చెందినది? కాకినాడ గుర్తు కృష్ణపట్నమునకు పనికిరాదు గదా. ఇది ఎంతకాలము చెల్లును? దీనిని దింపు అధికార మెవరిది? మూలమునుండి మాట రాకుండిన నేమి చేయవలయును? ఈ నాలుగింటిలో నే యొక్కటి మఱచినను కీడు మూడును. ఇది గ్రంథములు చదివి యెఱిగినది కాదు. నా తప్పు వలన నేను నేర్చుకొన్నది.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న దినములలో నొకనాడు తెల్లవారుజామునుండి వాన పట్టినది. బడి యున్నదా లేదా యని తల్లిదండ్రులు ఒకరివెనుక నొకరు వచ్చి యడుగుచుండిరి. నాకు పని సాగలేదు. అంతట పెద్ద తరగతి బాలు నొకనిని వాకిట నిలిపి, "అడిగినవారికెల్ల బడి యున్నదని చెప్పుము" అంటిని. వాడు బుద్ధిమంతుడు; అట్లే చెప్పుచుండెను. గంట తరువాత బడులకు సెలవు ప్రకటించినట్లు కబురు వచ్చినది. నేను లోపలి యుపాధ్యాయులకు జెప్పితిని గాని వాకిటి బాలుని మఱచితిని. వాడు మఱియొక గంటసేపు "బడి యున్నది" అనుచునే యుండెను. ఆ మాట నమ్మి, కాలువ కావలి పల్లెనుండి చిన్నపిల్లలు మొలలోతు నీటిలో దాటి వచ్చిరి. దైవవశమున నెవరికి నపాయము కలుగలేదు. వారు తడిసి వడకుచు వసారాలో నిలిచిన దృశ్యము నేటికిని నా కనులయెదుట నున్నది. బాలుని తప్పు లేదు. వానికి నేను జవాబు ఇచ్చితిని, గడువు ఇయ్యలేదు. "ఇది ఎనిమిది గంటల వఱకు చెల్లును, ఆపైన మరల నన్నడుగుము" అని యొక్క మాట అనియుండినచో ఆ పిల్లలు ఇంటనే యుండెడివారు.

గడువు గల జవాబునకు మన యింటనే మంచి యుదాహరణము కలదు. అది పంచాంగము. తిథివార నక్షత్రములను ప్రతిదినమును సిద్ధాంతిగారి యింటికి బోయి యడుగ నక్కఱలేకుండ, ఏడాది జవాబులను ఒక్క పుస్తకమున నిలువజేసి యింట వ్రేలాడగట్టుకొందుము. దాని యట్టమీదనే సంవత్సరము పేరు వ్రాసియుండును. ఉగాదినాడు దానిని దించి క్రొత్తది కట్టుదుము. పాత పంచాంగము చూచి ముహూర్తము పెట్టువా డెవ్వడును లేడు. గడువు వస్తువు పైననే యున్నది గనుక మోసమునకు దావు లేదు.

ఇక యంత్రముల చరిత్రకు వత్తము. కంప్యూటరులో లెక్క చేయు భాగము మిక్కిలి వేగవంతమైనది. సంగతులను దాచు పెద్ద స్మృతి దానికంటె చాల నెమ్మదియైనది. లెక్క చేయువాడు ప్రతి చిన్న సంగతికిని పెద్ద కొట్టునకు బోయి వచ్చుచుండిన, నడచుటకే కాలము చాలదు. 1965లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాచార్యుడు మారిస్ విల్క్స్ ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. పెద్ద స్మృతికి ముందు చిన్నదియు వేగము గలదియునైన మఱియొక స్మృతి నుంచి, ఇటీవల వాడిన సంగతుల ప్రతులను అందు నిలుపవలెనని యాతడు సూచించెను. దానికి దాసస్మృతి యని యర్థము వచ్చు పేరు పెట్టెను. 1968లో అమెరికాలోని ఐబీఎం కంపెనీవారు తమ సిస్టమ్ 360 వర్గములో 85వ నమూనా యంత్రమునకు ఇట్టి స్మృతిని అమర్చిరి. దాసస్మృతి యను పేరు నిలువలేదు. దాచు అను నర్థము గల ఫ్రెంచి ధాతువునుండి పుట్టిన క్యాష్ అను మాట దానికి స్థిరపడినది. వినుటకు నగదు అను నర్థము గల ఇంగ్లీషు మాట వలెనే యుండును గాని దీనికిని రొక్కమునకును సంబంధము లేదు. ఐనను ఇదియు నొకవిధమైన చేతిరొక్కమే. పెట్టె తెఱువకుండ చిల్లర ఖర్చులు జరుపుకొనుటకు మొలనుంచుకొన్న డబ్బు వంటిది.

యంత్రము లోపల నున్నంతకాలము ఈ నిలువ యంత్రము చేయువారి చింతగానే యుండెను. అది ప్రపంచమున కెల్ల సంబంధించిన విషయమైనది వెబ్ పుట్టిన తరువాత. 1989లో స్విట్జర్లాండునందలి జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ దానికి రూపకల్పన చేసెను. 1993 ఏప్రిలు 30వ తేదీన సెర్న్ వారు దానిని ఎవరైనను వెలలేక వాడుకొనవచ్చునని ప్రకటించిరి. వాడువారు వేలు, లక్షలు అయిరి. ఒకే కార్యాలయమున నూఱుమంది, సముద్రముల కావల నున్న ఒకే పుటను నూఱుమారులు తెప్పించుకొనుట వ్యర్థము గదా. కావున 1994 నాటికే నడుమ నొక యంత్రమును నిలిపి, మొదటివానికొఱకు తెచ్చిన పుటను తక్కిన వారికొఱకు నిలువయుంచు పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

అంతట ధర్మశాస్త్రము అవసరమైనది. నడుమ నిలుచువాడు తనకు దోచినంతకాలము పాత పుటను పంచిపెట్టుచుండిన, మూలమువాడు దిద్దుకొన్న తప్పు ఎవరికిని తెలియదు. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 నియమావళి ఈ విషయమును క్రమబద్ధము చేసెను. దాని ప్రకారము మూలయంత్రము తన జవాబుతోపాటు క్యాష్-కంట్రోల్ అను నొక యాజ్ఞను పంపవచ్చును. "ఇది ఇన్ని సెకండ్లు చెల్లును" అని చెప్పవచ్చును. "దీనిని ఎచ్చటను నిలువ చేయరాదు" అని చెప్పవచ్చును. "ఇది అడిగిన యొక్కనికే చెందినది, నడుమివారు దాచి పరులకు పంచరాదు" అనియు చెప్పవచ్చును. నడుమివాడు జవాబుతోపాటు దాని వయస్సును, అనగా మూలము విడిచి యెన్ని సెకండ్లైనదో, తెలుపు ఏర్పాటు సైతము అందు గలదు. నేను వాకిటి బాలునికి చెప్పక విడిచిన మాటలన్నియు ఆ నియమావళియందున్నవి. దానిని పలుమారులు సంస్కరించి 2022 జూన్‌లో మరల ప్రకటించిరి, మూలసూత్రము మారలేదు.

ఇప్పుడు ద్వారము సంగతి. పూర్వము మనిషి యంత్రము నడిగెడివాడు. నేడు యంత్రమే యంత్రము నడుగుచున్నది. మీరు ఫోనులో మీ పేరు వ్రాసిన, ఫోను మఱియొక యంత్రము నడుగును. అది ఇంకొకదాని నడుగును. ఒక యంత్రము ఇంకొక యంత్రమును ఏ మాటలతో నడుగవలెనో, ఏ రూపమున జవాబు రావలెనో చెప్పు ఒడంబడికకు ఏపీఐ అని పేరు. అడుగువారందఱును మూలము మీదికి ఎగబడకుండ ముందు నిలిపిన వాకిలియే గేట్‌వే. వచ్చినవా డెవరో అదియే విచారించును, ఏ గదికి బోవలెనో చూపును, మితిమీఱి వచ్చువారిని ఆపును. తెలిసిన ప్రశ్నకు తానే జవాబు చెప్పును. ఈ కడపటి పనియే మన ప్రస్తుత విషయము. 2015 జూలైలో అమెరికాలోని అమెజాన్ వారు ఇట్టి ద్వారమును అద్దెకిచ్చుట ప్రారంభించిరి. ఇట్టివి ఇతరులవియు గలవు గాని దాని యేర్పాటులు స్పష్టముగా నున్నవి గనుక దానినే యుదాహరించుచున్నాను.

మొదటి యేర్పాటు: నిలువ యుండవలెనా వలదా. ద్వార మంతటికి నొక యాజ్ఞ యిచ్చి, ఫలాని ప్రశ్నకు మాత్రము వేఱొక యాజ్ఞ యీయవచ్చును. విడిగా చెప్పనంతవఱకు, ఉన్నది చూచుటకు వచ్చు ప్రశ్నలకే నిలువ వర్తించును. దరఖాస్తు పెట్టుట, పైకము కట్టుట వంటి మార్పుచేయు పనులకు వర్తింపదు. ఇది సమంజసము. "నా అర్జీ పుచ్చుకొనుము" అన్నవానికి నిన్నటివాని రసీదు చేతబెట్టరాదు గదా.

రెండవది గడువు. ఎవరును ఏమియు చెప్పకున్న అది 300 సెకండ్లు, అనగా ఐదు నిమిషములు. గరిష్ఠము 3600 సెకండ్లు, అనగా ఒక గంట. సున్న యని వ్రాసిన నిలువ లేనట్లే. ఐదు నిమిషములు స్వల్పమని యనుకొనకుడు. ఒకే ప్రశ్న సెకండునకొకమారు వచ్చుచున్నదనుకొందము. ఐదు నిమిషములలో 300 మారులు వచ్చును. అందు మొదటి దొక్కటియే మూలమునకు బోవును. తక్కిన 299 వాకిటనే తీఱును. మూలమునకు గలిగిన విశ్రాంతి యెంతటిదో చూడుడు.

మఱి గంట గడువు పెట్టిన ఇంకను మేలు గదా? ఒక మండలములోని గ్రామముల పట్టిక యైనచో మేలే. అది గంటకొకమారు మారదు. తుపాను వార్త యైనచో లెక్క వేయుడు. తుపాను సమయమున వాతావరణ శాఖవారు మూడు గంటల కొకమారు ప్రకటన వెలువరింతురు. తీరమునకు చేరువయైనపుడు గంటగంటకును చెప్పుదురు. తొమ్మిదింటికి వెలువడిన ప్రకటనను ద్వారము 9 గంటల 59 నిమిషములకు దెచ్చి గంట గడువుతో నిలిపినదనుకొందము. పదింటికి క్రొత్త ప్రకటన వచ్చెను. తుపాను త్రోవ మార్చుకొని మన వైపునకు మఱలినదని అందున్నది. ద్వారము మాత్రము 10 గంటల 59 నిమిషముల వఱకు తొమ్మిదింటి మాటనే చెప్పుచుండును. కడపట నడిగినవాడు రెండు గంటల పాత మాట విని పడవ నీటిలోనికి నెట్టును. ఐదు నిమిషముల గడువే పెట్టియుండిన పాతమాట 10 గంటల 4 నిమిషములకు అంతరించును. సౌకర్యమును బట్టి గాక, జవాబు చెడిన నెవరికి కీడో దానిని బట్టి గడువు నిర్ణయింపవలెను. ఇది యంత్రము తానై యెఱుగదు. గడువు వ్రాయువాడు ఎఱుగవలెను.

మూడవది తాళపుచెవి. నిలువలోని ప్రతి జవాబునకును ఒక గుఱుతు ఉండును. ప్రశ్నలోని యే మాటలను ఆ గుఱుతునందు చేర్చవలెనో ఏర్పాటు చేయువాడు చెప్పవలెను. "పింఛను వివరము" అనుమాట నొక్కదానినే గుఱుతుగా బెట్టి, అడిగినవాని కార్డు నంబరును చేర్చుట మఱచినాడనుకొందము. మొదట నడిగిన రామయ్య జవాబు వాకిట నిలుచును. ఆపైన ఐదు నిమిషములు సుబ్బమ్మ యడిగినను, మస్తానయ్య యడిగినను, ద్వారము రామయ్య వివరములనే చేతబెట్టును. ఒకని గుట్టు ఇంకొకనికి తెలిసెను. ఒకని సొమ్ము ఇంకొకనికి గనబడెను. తపాలా బంటు ఉత్తరముపై వీథి పేరు మాత్రము చూచి మొదటి యింటనే వేసి పోయినట్లు. ఇట్టి స్వంత సంగతులను ఉమ్మడి వాకిట నిలువయుంచకుండుటయే యుత్తమము. ఉంచక తప్పదన్న గుఱుతు సంపూర్ణముగా నుండవలెను, నిలువను గుప్తలిపిలో దాచు ఏర్పాటును గైకొనవలెను.

నాలుగవది చోటు. దీనిని త్వరగా చెప్పి విడిచెదను, చెరువులు చూచిన మీకు విశేషముగా చెప్ప నక్కఱలేదు. పెన్ననీరు సంగము ఆనకట్టనుండి కాలువబట్టి కనిగిరి జలాశయమున నిలుచును. జలాశయమునకు కొలత యుండును. నిండిన యనంతరము కలుజుమీద పొరలిపోవును. యంత్రనిలువకును కొలత కలదు. అమెజాన్ వారి ద్వారమున అర గిగాబైటు మొదలు 237 గిగాబైట్ల వఱకు ఎనిమిది కొలతలున్నవి. కొలతను బట్టి గంటకింత యని అద్దె. సుమారు పది లక్షల నలువది యెనిమిది వేల బైట్లకు మించిన జవాబు ఒక్కటియైనను అందు నిలువదు. ఒక కొలతనుండి మఱియొక కొలతకు మార్చినపుడు పాతనిలువ యంతయు పోవును. గట్టు పెంచుటకై చెరువు ఖాళీచేసినట్లే. ఆ క్షణమున ప్రశ్నలన్నియు మూలము మీద బడును గనుక, రద్దీవేళ ఆ పని పెట్టుకొనరాదు.

ఐదవది దింపు అధికారము. గడువు తీఱకమునుపే జవాబు చెడిపోవచ్చును. ఒక ముదుసలి తన వయస్సు తప్పుగా నమోదైనదని తిరిగి తిరిగి, తుదకు పదింటికి దిద్దించుకొనెననుకొందము. పది గంటల రెండు నిమిషములకు గవాక్షము వద్దకు వచ్చి చూపుమన్న, నిలువలోని పాత తప్పే కనబడును. "దిద్దలేదవ్వా, మరల రేపు రమ్ము" అందురు. ఆమెకు ఆటోబాడుగ యొకటి, ఆశాభంగ మొకటి. కావున అడుగువాడే "పాతది వలదు, మూలమునుండి తెమ్ము" అని కోరు పద్ధతి గలదు. ఐతే ఆ కోరికను అందఱికిని అనుమతించిన, ప్రతివాడును మూలమునుండియే తెమ్మనును. వాకిలి యుండియు లేనట్లే యగును. ఎవరికిని అనుమతింపకున్న ఆ ముదుసలికి గతి లేదు. కాబట్టి అనుమతి గల నౌకరుకు మాత్రమే ఆ యధికార ముంచి, అనుమతి లేనివానిని నిరాకరించుటయో, వాని కోరికను విడిచి నిలువనే యిచ్చుటయో ముందుగా నిర్ణయింపవచ్చును. రేవు గుర్తును దింపుట రేవు అధికారి పని. దారిని పోవువాని పని గాదు.

మన రాష్ట్రమున ఈ ప్రశ్నలు ఊహామాత్రములు గావు. 1999 డిసెంబరులో హైదరాబాదున ట్విన్స్ అను పేరుతో నొకేచోట పలు సేవలందించు ప్రయత్నము మొదలై, 2001లో ఈ-సేవ యైనది. 2011 నవంబరులో మీసేవ వచ్చినది. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ఆరంభమైనవి. 2025 జనవరి 30వ తేదీన మన మిత్ర యను పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలు ప్రారంభింపబడినవి. పాతికేండ్లలో కచ్చేరి గవాక్షము నగరమునుండి మండలమునకు, మండలమునుండి ఊరికి, ఊరినుండి జేబులోనికి వచ్చినది. గవాక్షము చేరువయైనకొలది మూలము కనుమఱుగైనది. పూర్వము తహశీల్దారు కచ్చేరికి బోయిన, కరణము దస్త్రము విప్పి మన పేరు చూపెడివాడు. సిరా తడి యారనిదో పాతదో కంటికి దెలిసెడిది. నేడు తెరమీది యక్షరములకు తడియు లేదు, పాతదనమును లేదు. అన్నియు నొక్కతీరుగనే మెఱయుచుండును.

ఇక పదునొకండవ గుర్తు. పదియవ గుర్తే మహాప్రమాదమును దెలుపుచుండగా, దానిపైన మఱియొకటి యేల? వాతావరణ శాఖతో రాకపోకలు తెగినవి అని దాని యర్థము. తంతి తెగినది, మాట రాలేదు. ఐనను వాతావరణము కీడుగా నున్నదని రేవు అధికారి తలచినపుడు దానిని ఎక్కించును. "నాకు తెలియదు, మీరు జాగ్రత్త పడుడు" అని నిజము చెప్పు గుర్తు అది. పాత మూడవ నంబరునే వ్రేలాడనిచ్చి యూరకుండుట సులభము. చూచువారు దానిని నమ్మి నిదురపోవుదురు. 1898 నాటి పెద్దలు అట్లు గానీయక, తెలియమికే యొక గుర్తు నేర్పరచిరి.

యంత్రములవారికి ఇదే చిక్కు వచ్చినది. మూలయంత్రము చెడి జవాబు రానపుడు ద్వార మేమి చేయవలెను? 2010 మేలో వెలువడిన యొక నియమపత్రము దీనికి దారి చూపెను. మూలము చెడినపుడు గడువు తీఱిన జవాబునే మఱికొంత కాలము ఇచ్చుటకు అనుమతి నీయవచ్చును. ఆ కొంతకాల మెంతయో సెకండ్లలో వ్రాయవలెను. ఊరి బడుల పట్టికవంటి వానికి ఇది మేలు. ఏమియు లేకుండుటకంటె నిన్నటి పట్టిక నయము. తుపాను వార్తకు ఇది తగదు. అచ్చట పాత జవాబుకంటె "జవాబు లేదు" అనుటయే ప్రాణరక్షకము. ఏది యే వర్గమునకు చెందునో ముందే ఆలోచింపవలెను. గాలి వీచుచుండగా ఆలోచించుటకు తీరిక యుండదు.

ఆర్యులారా, నిలువను నేను నిందించుట లేదు. నిలువ లేనిదే పంచాంగము లేదు, చెరువు లేదు, రేవు గుర్తు లేదు. లక్షలమంది యొకేసారి యడుగు నేటి కాలమున ఏ మూలయంత్రమును నిలువ సాయము లేక నిలువజాలదు. గడువు చెప్పని నిలువయే కీడు. జవాబును వాకిట నిలిపినవాడు దాని వయస్సును కూడ నిలుపవలెను. అది చెడిన నెవడు తడిసిపోవునో వానిని తలచుకొని గడువు వ్రాయవలెను. ఆ పని పట్టణమునందలి యువకులది. మీలో పెక్కుమంది మనుమలు, మనుమరాండ్రు ఆ యుద్యోగములలోనే యున్నారు. వారు పండుగకు వచ్చినపుడు ఈ సంగతి యడుగుడు.

మన పని యొకటి కలదు. సేవాకేంద్రమునందు గాని ఫోనునందు గాని ఏ జవాబు కనబడినను, "ఇది ఎప్పటి మాట?" అని యడుగుట నేర్వవలెను. తుపాను వార్త యైనచో ప్రకటన వెలువడిన గంటను చూడవలెను. పత్రమైనచో తేదీని చూడవలెను. దిద్దించుకొన్నది కనబడనపుడు నిరాశపడి మఱలిపోక, కొంత నిదానించి మరల చూపుమనవలెను. ఆనాడు కాలువ కావలి పల్లె తల్లులలో నొక్కతె "ఈ మాట అయ్యవారు ఎప్పుడు చెప్పినారు నాయనా?" అని మా వాకిటి బాలు నడిగియుండిన, వాడు లోపలికి వచ్చి నన్నడిగెడివాడు. ఆ చిన్నపిల్లలు పొడిబట్టలతో ఇంటనుండెడివారు.